అన్నిచోట్లా ఒకే హెడ్ వద్దు: మా అపార్ట్‌మెంట్ కమిటీకి బహిరంగ లేఖ

ఓనర్స్ అసోసియేషన్ అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, కమిటీ సభ్యులందరికీ, మూడు బ్లాకుల్లో ఉంటున్న ఇరుగుపొరుగు వాళ్ళకీ నమస్కారం.

వచ్చే జనరల్ బాడీ మీటింగు ఎజెండాలో నాలుగో అంశం "కామన్ ఏరియాల్లో స్ప్రింక్లర్ల మార్పు, లాబీ సుందరీకరణ". దాంతోపాటు మీరు పంపిన కోటేషన్ కూడా చదివాను. లాబీ గోడలకి వేసే వెనీర్ (పల్చటి చెక్క పొర) గురించి అందులో పేజీన్నర ఉంది. స్ప్రింక్లర్ల గురించి ఒక్క లైను ఉంది: "68 డిగ్రీల పెండెంట్ హెడ్లు, లాబీల్లో కన్సీల్డ్ హెడ్లు." హెడ్ అంటే మంట వేడికి తెరుచుకుని నీళ్ళు చిమ్మే పైపు చివరి ముక్క. పెండెంట్ అంటే కిందికి వేలాడేది, కన్సీల్డ్ అంటే సీలింగులో దాగి ఉండేది. రెండు సెల్లార్లు, తొమ్మిదేసి అంతస్తుల కారిడార్లు, క్లబ్‌హౌస్, గాజు కప్పున్న హాలు, చెత్త గది, వీటన్నిటికీ కలిపి ఆ ఒక్క లైనే. దాని మీద అప్పుడే సంతకం పెట్టకండి అని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్ళు ఈ నగరంలో ఫైర్ ఫైటింగ్ పనుల సైట్ ఇంజనీరుగా చేశాను. కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఎన్ని సెల్లార్లలో ఎర్ర పైపులు ఎక్కించానో లెక్క లేదు. ఇప్పుడు బి బ్లాకు ఏడో అంతస్తులో మా అమ్మతో ఉంటున్నాను. ఆవిడకి ఎనభై రెండేళ్ళు, వాకర్ లేకుండా నడవలేదు. సెల్లార్‌లో మంట పుడితే లిఫ్టు వాడకూడదు, మెట్లు దిగడం ఆవిడ వల్ల కాదు. కింద మంటని కిందే ఎవరో ఒకరు ఆపాలి. అర్ధరాత్రి ఆ పని చేయగలిగేది వాచ్‌మన్ కాదు, నేనూ కాదు. పైన వేలాడుతున్న ఆ చిన్న ఇత్తడి ముక్క ఒక్కటే.

పోయిన మే నెలలో క్లబ్‌హౌస్ హాల్లో జరిగింది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నర, ఎక్కడా మంట లేదు, పొగ లేదు. గాజు కప్పు కింద ఉన్న హెడ్ టప్పున పగిలి, క్యారమ్ బోర్డు మీద, కొత్త సోఫాల మీద నల్లటి నీళ్ళు కురిశాయి. ప్లంబర్ పరిగెత్తుకెళ్ళి ఆ లైను వాల్వు కట్టేశాడు. అంతవరకు సరైన పనే. ఆ తర్వాత "స్ప్రింక్లర్లంటే ఇదే గొడవ" అన్న మాట వాట్సాప్ గ్రూపంతా తిరిగింది. వాల్వు మాత్రం మూసే ఉండిపోయింది. పందొమ్మిది రోజుల తర్వాత పంపు రూములోకి వెళ్ళినప్పుడు చూశాను. ఆ పందొమ్మిది రోజులూ క్లబ్‌హౌస్‌కీ, జిమ్‌కీ చుక్క నీటి రక్షణ లేదు. సాయంత్రం పూట పిల్లల డాన్స్ క్లాసు మాత్రం ఆ హాల్లోనే నడిచింది.

ఆ హెడ్ చెడిపోయి పగల్లేదు. తప్పు చోట పెట్టారు కాబట్టి పగిలింది. హెడ్ మధ్యలో ఉండే గాజు బల్బులో రంగు ద్రవం ఉంటుంది, వేడికి అది వ్యాకోచించి బల్బుని పగలగొడుతుంది. ఎంత వేడికి పగలాలో ఆ రంగే చెబుతుంది: నారింజ 57 డిగ్రీలు, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141. ఆ చోట మామూలు రోజుల్లో ఉండగలిగే గరిష్ఠ వేడి కన్నా సుమారు 30 డిగ్రీలు ఎక్కువ ఉన్న బల్బు పెట్టాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. నీడ పట్టున ఉండే కారిడార్‌కి ఎరుపు సరిపోతుంది. గాజు కప్పు కింద గాలి కదలని చోట సరిపోదు. జూన్ మొదటి వారంలో, ఎండ కాస్త తగ్గాక, నిచ్చెనెక్కి ఆ కప్పు కింద థర్మామీటర్ పెడితే 61 చూపించింది. 43 డిగ్రీల ఎండ కాసిన రోజుల్లో అక్కడ ఎంత ఉండి ఉంటుందో మీరే ఊహించండి. అక్కడ ఉండాల్సింది కనీసం ఆకుపచ్చ బల్బు. కొత్త కోటేషన్ ప్రకారం మళ్ళీ ఎర్ర బల్బే వస్తుంది. వచ్చే మే నెలలో మళ్ళీ పగులుతుంది, మళ్ళీ వాల్వు కట్టేస్తారు.

ఇక్కడే ఒక భయం కూడా తీర్చాలి. మొన్న లిఫ్టులో ఒక పెద్దాయన "ఒక ఇంట్లో అగరుబత్తి వెలిగిస్తే బ్లాకంతా తడిసిపోతుందట కదా" అని అడిగారు. సినిమాల్లో అలా చూపిస్తారు. నిజానికి పొగకి స్ప్రింక్లర్ పలకదు, వేడికే పలుకుతుంది. అదీ ఏ హెడ్ దగ్గర వేడి చేరితే ఆ హెడ్ ఒక్కటే తెరుచుకుంటుంది, పక్కది మూసుకునే ఉంటుంది. హెడ్ ఎంత నీళ్ళు వదులుతుందో చెప్పే సంఖ్యని కే విలువ అంటారు. మన దగ్గర ఎక్కువగా వాడే కే 80 హెడ్ ఒక బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి 80 లీటర్లు వదులుతుంది. అంటే నాలుగు వాటర్ క్యాన్లు. ఫైరింజను వచ్చి గొట్టం పట్టిందంటే నిమిషానికి కొన్ని వందల లీటర్లు పోతాయి, అదీ మంట పెద్దదయ్యాక. మొదటి నిమిషాల్లో నాలుగు క్యాన్ల నీళ్ళు సరైన చోట పడితే ఆ గొట్టంతో పని పడకపోవచ్చు.

ఇక సెల్లార్ సంగతి. నా అసలు ఆందోళనంతా అక్కడే.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట పుట్టింది. చనిపోయిన 8 మంది పైన హోటల్లో ఉన్నవాళ్ళు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. కనీసం 9 మంది పోయారు, వాళ్ళూ పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళే. రెండుచోట్లా మంట కింద, మనుషులు పైన, మధ్యలో పొగకి చిమ్నీలా పనిచేసిన మెట్లు. ఈ రెండు వార్తలూ మనం టీవీలో చూశాం, అయ్యో అనుకున్నాం. మన రెండో సెల్లార్‌లో ఇప్పుడు ఎన్ని ఎలక్ట్రిక్ బండ్లు చార్జింగులో ఉంటున్నాయో, ఎన్ని పాత పరుపులు, మంచాలు, అట్టపెట్టెలు మూలల్లో పేరుకున్నాయో ఒకసారి కిందికి దిగి చూడండి.

సెల్లార్‌లో ఫాల్స్ సీలింగ్ లేదు, ఒట్టి స్లాబు, దాని కింద పైపులు. అలాంటి చోట హెడ్ పైపు మీద నిలబడి పైకి చూడాలి. దాన్ని అప్‌రైట్ అంటారు. నీళ్ళు పైకి లేచి, చిల్లుల పళ్ళెం లాంటి డిఫ్లెక్టరుకి తగిలి గొడుగులా కిందికి పడతాయి. పెండెంట్ పైపు నుంచి కిందికి వేలాడుతుంది. కోటేషన్ రాసినతను సెల్లార్‌కి కూడా పెండెంటే రాశాడు. దానివల్ల మూడు నష్టాలున్నాయి. కిందికి వేలాడే హెడ్ ఎత్తైన బండి క్యారియర్‌కో, సామాన్ల ట్రాలీకో తగిలి విరిగే ప్రమాదం ఉంది. బల్బు స్లాబుకి దూరంగా దిగిపోతుంది, వేడిగాలి ముందుగా చేరేది స్లాబు కిందికి కాబట్టి ఆలస్యంగా పగులుతుంది. డిఫ్లెక్టరు స్లాబుకి బెత్తెడు కింద ఉంటే మంచిది, జానెడు దాటకూడదు. మూడోది మన బోరు నీళ్ళ పుణ్యం. ఏళ్ళ తరబడి పైపులో నిలవున్న ఆ నీళ్ళలో తుప్పు, ఉప్పు గసి అడుగుకి చేరుతుంది. హెడ్ అడుగున వేలాడుతుంటే ఆ గసి నేరుగా దాని గొంతులో కూర్చుంటుంది. పైన నిలబడి ఉంటే కూర్చోదు. క్లబ్‌హౌస్‌లో పడిన నల్లటి నీళ్ళు గుర్తున్నాయి కదా, ఆ నలుపంతా ఇదే.

డబ్బు మిగులుతుందని పెండెంట్ హెడ్‌నే తిరగేసి పైకి బిగించే వాళ్ళు కూడా ఉన్నారు. మన ఏ బ్లాకు కింద రెండు చోట్ల అలా ఉన్నాయి. పెండెంట్ డిఫ్లెక్టరు ఆకారం వేరు, అప్‌రైట్ డిఫ్లెక్టరు ఆకారం వేరు. తిరగేస్తే నీళ్ళు స్లాబుకి కొట్టుకుని పోతాయి, కింద కారు మీద పడాల్సినట్టు పడవు. హెడ్ మీద చిన్న అక్షరాల్లో అప్‌రైట్‌కి ఎస్ఎస్‌యూ అనీ, పెండెంట్‌కి ఎస్ఎస్‌పీ అనీ చెక్కి ఉంటుంది. ఫోను టార్చి వేస్తే కనిపిస్తుంది.

సెల్లార్‌లో నీళ్ళ మోతాదు కూడా మళ్ళీ లెక్కగట్టించాలి. మన దగ్గర ఇలాంటి పార్కింగుని ఆర్డినరీ హజార్డ్, అంటే సాధారణ ప్రమాదపు వర్గం కింద లెక్కేస్తారు: ఒక్కో హెడ్‌కి 12 చదరపు మీటర్ల మేర, చదరపు మీటరుకి నిమిషానికి 5 లీటర్లు. మన బిల్డర్ ఆ లెక్కతోనే కట్టాడు, అప్పటికి అది తప్పు కాదు. కానీ ఇప్పటి కార్లలో ప్లాస్టిక్, ఫోము బాగా పెరిగాయి. అమెరికా వాళ్ళ ఎన్‌ఎఫ్‌పీఏ 13 అనే స్ప్రింక్లర్ ప్రమాణంలో 2022 కూర్పు నుంచి పార్కింగు గ్యారేజీలని ఒక మెట్టు పై ప్రమాదపు వర్గంలోకి మార్చారు. 2017 డిసెంబరు 31న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఒక బహుళ అంతస్తుల కార్ పార్కింగులో మంట ఒక బండి నుంచి ఇంకో బండికి పాకి దాదాపు 1,400 వాహనాలు కాలిపోయాయి. అక్కడ స్ప్రింక్లర్లు లేవు. బ్యాటరీ లోపల మొదలైన మంటని స్ప్రింక్లర్ నీళ్ళు ఆర్పలేకపోవచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా పక్క బండిని, పై స్లాబుని చల్లగా ఉంచుతాయి. ఒక బండి కాలడానికీ ముప్పై బండ్లు కాలడానికీ తేడా అదే. అందుకే సెల్లార్‌కి కే 80 బదులు కే 115 హెడ్లు పెట్టవచ్చేమో చూడమంటున్నాను. అదే ఒత్తిడికి దాదాపు ఒకటిన్నర రెట్ల నీళ్ళు ఇస్తుంది. పంపూ, పైపులూ, ట్యాంకూ ఆ నీటిని మోయగలవా అన్నది ఇంజనీరు కాగితం మీద లెక్క వేసి చూపాలి. ఆ లెక్క లేకుండా హెడ్ ఒక్కటే మార్చినా ఉపయోగం లేదు.

ఇంకో సంగతి. చార్జింగు పాయింట్ల దగ్గర కొత్తగా వేసిన వెడల్పాటి వెంటిలేషన్ డక్టు, కేబుల్ ట్రే హెడ్ల కిందుగా పోతున్నాయి. పైనుంచి పడే నీళ్ళు ఆ డక్టు మీదే పడతాయి. డక్టు కింద కూడా హెడ్లు కావాలి, వాటికి ఇనప తీగల గార్డు కావాలి. సామాను ఏదైనా హెడ్‌కి అరమీటరు దిగువనే ఆగాలి. వినాయక చవితికి సీరియల్ సెట్లు స్ప్రింక్లర్ పైపులకి కట్టడం కూడా ఈ ఏడాది నుంచి ఆపేద్దాం. స్వామికి మండపం మనం వేసుకోగలం, పైపు హ్యాంగర్లు మాత్రం ఆ బరువుకి చేసినవి కావు.

కారిడార్లకి పెండెంట్ సరైనదే. అయితే బల్బు మందం చూడాలి. మామూలు హెడ్ బల్బు 5 మిల్లీమీటర్లు, త్వరగా స్పందించే క్విక్ రెస్పాన్స్ హెడ్ బల్బు 3 మిల్లీమీటర్లు. పల్చటి బల్బు త్వరగా వేడెక్కుతుంది, త్వరగా పగులుతుంది. కారిడార్ మనం పారిపోయే దారి కాబట్టి అక్కడ క్విక్ రెస్పాన్స్ హెడ్లే పెట్టాలి. ఒకే కారిడార్‌లో సగం అవీ సగం ఇవీ కలపకూడదు. కలిపితే మంటకి దూరంగా ఉన్న పల్చటి బల్బు ముందు పగిలి, మంట మీదున్న మందపు బల్బు తర్వాత పగిలే ప్రమాదముంది. సి బ్లాకులో పైపు గోడ వెంబడి పోయే రెండు అంతస్తుల్లో సైడ్‌వాల్ హెడ్లు పెట్టవచ్చు, అవి గోడ నుంచి ఎదుటి గోడకి చిమ్ముతాయి. దారిలో దూలం అడ్డు లేకుండా చూసుకుంటే చాలు.

కారిడార్ గురించి నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. పోయిన దసరా ముందు పెయింటింగు అయ్యాక మూడో అంతస్తులో చెప్పుల స్టాండు మీదకెక్కి ఒక హెడ్‌ని చూశాను. ఎర్ర బల్బు కనిపించలేదు. రోలర్‌తో రంగు వేసిన కుర్రాడు సీలింగుతో పాటు దాని మీదా తెల్ల ఎమల్షన్ లాగించేశాడు. బల్బుకీ ఫ్రేముకీ మధ్య రంగు చుక్క ఎండి గట్టిపడి ఉంది. గోటితో గీకబోయి ఆగిపోయాను. గీకితే బల్బుకి చీలిక రావచ్చు. రంగు పడిన హెడ్‌ని తుడవడం, థిన్నర్‌తో కడగడం పనికిరాదు, తీసేసి కొత్తది వేయాలి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు, ఇక్కడ అలా కుదరదు, ఒక్కొక్కటీ చూడాల్సిందే. బి బ్లాకు వరకు నేను చూశాను. 31 హెడ్ల మీద రంగు ఉంది. ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను. పని మొదలయ్యే ముందు హెడ్లకి ప్లాస్టిక్ సంచులు కట్టి, పనయ్యాక విప్పమని అతనికి మనలో ఎవరమూ చెప్పలేదు.

అందుకే లాబీలో కన్సీల్డ్ హెడ్లంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. కన్సీల్డ్ అంటే హెడ్ సీలింగులో దాగి ఉంటుంది, పైన రూపాయి బిళ్ళ కన్నా పెద్దదైన పల్చటి మూత. టంకంతో అతికిన ఆ మూత సుమారు 57 డిగ్రీలకి ఊడి పడాలి, అప్పుడు లోపలి డిఫ్లెక్టరు కిందికి జారాలి, ఆ తర్వాత బల్బు వేడెక్కి పగలాలి. బాగా తయారైనదైతే ఇదంతా సక్రమంగానే జరుగుతుంది, ఆ రకాన్ని నేను తప్పు పట్టడం లేదు. పెద్ద హోటళ్ళలో నేనే వేశాను. కానీ మూతకీ సీలింగుకీ మధ్య సన్నటి సందు ఉండాలి, వేడి ఆ సందులోంచే లోపలికి పోతుంది. మూతకి రంగు కంపెనీలోనే వేయించుకోవాలి, సైటులో వేయకూడదు. మన దగ్గర పెయింటర్ మొదట చేసే పనేమిటంటే, ఆ సందుని పుట్టీతో మెత్తగా పూడ్చేసి, పైన సీలింగు రంగే లాగడం. చూడ్డానికి ఎంతో నున్నగా ఉంటుంది. మంటొచ్చిన రోజు మూత ఊడదు. మామూలు పెండెంట్ హెడ్ మీద రంగు పడితే కింద నిలబడి కనిపెట్టవచ్చు. కన్సీల్డ్‌లో తప్పు జరిగితే ఎవరికీ కనబడదు.

లాబీ అందంగా ఉండాలని నాకూ ఉంది. పిల్లల పెళ్ళి సంబంధాల వాళ్ళు వచ్చేదీ, చుట్టాలు కూర్చునేదీ అక్కడే. సీలింగులోకి సగం వరకు దిగి, క్రోమ్ రింగుతో ఉండే రీసెస్డ్ పెండెంట్లు ఉన్నాయి. బల్బు కంటికి కనబడుతుంది, చూపుకి అడ్డమూ కాదు. వాటిని ఎంచుకోండి. కన్సీల్డే కావాలని మెజారిటీ అంటే, ఆ ఒక్క లాబీలో పెయింటింగు ఇకమీదట ఫైర్ టెక్నీషియన్ దగ్గరుంటేనే జరగాలని తీర్మానం రాసుకోండి. ముఖ్యంగా, లాబీ గోడలకి వేయబోయే వెనీరూ, సీలింగుకి వేసే చెక్కా మండే వస్తువులే. ఇప్పుడున్న రాతి గోడల లాబీకి పెట్టిన హెడ్ల దూరాలు చెక్క లాబీకి చాలతాయో లేదో డిజైనర్ కాదు, ఫైర్ ఇంజనీరు చెప్పాలి.

చెత్త గదికి ఒక పెండెంటు, గార్డుతో. పొడి గొట్టాల పద్ధతి గురించి ఎవరో అడిగారట. అది నీళ్ళు గడ్డకట్టే చలి దేశాలకి, కోల్డ్ స్టోరేజీలకి, హైదరాబాద్‌లో మనకి అవసరం లేదు. పైపులో ఎప్పుడూ నీళ్ళుండే మామూలు పద్ధతే మేలు. కరెంటు ప్యానెల్ గదిని మాత్రం ఈ హెడ్ల లెక్కలో కలపకుండా విడిగా చూడమనండి.

ఇప్పుడు నేను కోరేది. ఆ ఒక్క లైను కొట్టేసి, ఒక్కో చోటుకి హెడ్ రకం, బల్బు రంగు, మందం, కే విలువ, ఎన్ని అన్నది విడివిడిగా రాసి కొత్త కోటేషన్ అడగండి. మన దేశపు స్ప్రింక్లర్ ప్రమాణం ఐఎస్ 15105 ప్రకారం లెక్క వేసిన డ్రాయింగు కూడా జతచేయమనండి. హెడ్ మీద ఐఎస్ఐ గుర్తు గానీ, యూఎల్ లేదా ఎఫ్ఎం అనే అమెరికా పరీక్షా సంస్థల గుర్తు గానీ ఉందో లేదో సరుకు దిగిన రోజే చూద్దాం, బిగించాక కాదు. మన భవనం 18 మీటర్లు దాటింది, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ మీదే ఇందులో ఉంటున్నాం. కాబట్టి వాళ్ళకి చూపించిన ప్లాను మారేటట్టయితే ముందే వాళ్ళకి తెలియజేయాలి. పంపు రూములో ప్రతి రకం హెడ్ కొన్ని విడిగా, వాటి రెంచితో పాటు ఒక ఎర్ర పెట్టెలో ఉండాలి. పోయిన మే నెలలో ఆ పెట్టె ఉండి ఉంటే పందొమ్మిది రోజుల ముచ్చట అరగంటలో తేలిపోయేది.

ఖర్చు పెరుగుతుందని తెలుసు. అందరికీ ఒకేసారి భారమవుతుందంటే, ముందు సెల్లార్లూ, రంగు పడిన హెడ్లూ, గాజు కప్పు కింది హెడ్లూ మార్చండి. లాబీ వెనీర్ వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుందాం. నా ఇరవై రెండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఈ క్రమం తిరగబడకూడదు.

మీటింగుకి ముందు ఆదివారం ఉదయం ఏడు గంటలకి రెండో సెల్లార్ ర్యాంపు దగ్గర నిచ్చెన, టార్చితో ఉంటాను. తిరగేసి బిగించిన రెండు హెడ్లూ, డక్టూ చూపించి, లిఫ్టులో మూడో అంతస్తుకీ, అక్కణ్ణుంచి గాజు హాలుకీ తీసుకెళ్తాను. మొత్తం నలభై నిమిషాల పని. కమిటీ వాళ్ళు తప్పకుండా రండి. మిగతావాళ్ళు ఎవరొచ్చినా సంతోషమే, పిల్లల్ని కూడా తీసుకురండి.

ఇట్లు,
బి బ్లాకు, ఏడో అంతస్తు నుంచి
మీ ఇరుగుపొరుగు